సీఎస్టీలో మొదలై మన పేటల దాకా

(మహారాష్ట్రలోని సోలాపూర్ పూర్వభాగంలో, అంటే తెలుగువాళ్ళుండే తూర్పు పేటల్లో, ఒక నవంబర్ 26 సాయంత్రం జరిగిన తెలుగువారి సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. పెద్దలకు, బీడీలు ఇచ్చేసి నేరుగా ఇటే వచ్చిన అక్కలకు, గోడకు ఆనుకొని నిలబడ్డ పిల్లలకు కూడా. ముందు వరసలో చోటుంది, వచ్చి కూర్చోండి.

ముంబై దాడుల గురించి మాట్లాడమన్నారు. దాడి ఎలా జరిగిందో పూసగుచ్చినట్టు చెప్పే పని నేను పెట్టుకోను. 2008 నవంబర్ 26 రాత్రి పది మంది కరాచీ నుంచి సముద్రం మీద వచ్చారు. 29 పొద్దున దాకా నగరం రక్తం కక్కింది. 166 మంది చనిపోయారు. అప్పటికి మీరంతా టీవీల ముందే ఉన్నారు. ఈ పిల్లలు మాత్రం అప్పటికి పుట్టలేదు, పుట్టినా చంకలో ఉన్నారు. నేను చెప్పదలచింది 29 పొద్దుటి తర్వాతి సంగతి. దాడి చేసినవాళ్ళ లెక్క కోర్టు తేల్చింది. దాడి తర్వాత మనం తెచ్చుకున్న చట్టాలు, నమ్మిన అబద్ధాలు, కొందరి మొహం మీద వేసిన తలుపులు ఉన్నాయే, వాటి లెక్క ఇంకా ఎవరూ తీయలేదు. ఈ రోజు నా బాధంతా దాని గురించే.

ముందు సీఎస్టీ దగ్గర మొదలుపెడతాను. 2017లో పేరు మార్చారు, ఇప్పుడు సీఎస్‌ఎంటీ. మన నోట ఇంకా సీఎస్టీయే, ముసలివాళ్ళకైతే వీటీ. సోలాపూర్ మనిషికి ముంబై అంటే మొదట ఆ స్టేషనే. సిద్ధేశ్వర్ బండి దిగేది అక్కడే, తిరిగి ఎక్కేది అక్కడే. మనూరి మీదుగా హైదరాబాద్ పోయే హుస్సేన్‌సాగర్ కూడా రాత్రిపూట అక్కడి నుంచే కదులుతుంది. రాత్రి బండికి సాయంత్రమే చేరుకొని, దూరపు బండ్ల హాలులో నేల మీద చద్దరు పరిచి, పిల్లల్ని పడుకోబెట్టి, సంచి తలకింద పెట్టుకొని, రొట్టె డబ్బా విప్పుకోవడం ఇక్కడ ఎవరు చెయ్యలేదు? ఆ రాత్రి ఇద్దరు తుపాకులు పట్టుకొని వచ్చింది ఆ హాలులోకి. యాభై మందికి పైగా అక్కడే పోయారు. ఆ మూడు రోజుల్లో మరే ఒక్క చోటా అంతమంది చావలేదు.

మరి ముంబై దాడి అనగానే మన కళ్ళకు కనబడేదేంటి? తాజ్ హోటల్ గుమ్మటం, దాని మీద పొగ. ఎందుకంటే తాజ్ ముందు కెమెరాలు రోజుల తరబడి నిలబడ్డాయి. సీఎస్టీలో కెమెరాలు వచ్చేసరికే అంతా అయిపోయింది. అక్కడి నుంచి మనకు మిగిలిన ఒకే ఒక్క పెద్ద ఫొటో ఉంది, భుజాన సంచి, చేతిలో తుపాకీతో కసబ్, ఆ పదిమందిలో ప్రాణాలతో దొరికిన ఒకే ఒక్కడు, నడుస్తున్నది. చంపినవాడి ఫొటో దేశమంతా గుర్తుపట్టింది. చచ్చినవాళ్ళలో ఒక్కరి మొహమన్నా మీకు గుర్తుందా? నాకు లేదు. వాళ్ళు బీహార్, యూపీ పోవాల్సినవాళ్ళు, మన దిక్కు రావాల్సినవాళ్ళు, కూలీనాలీ చేసుకునేవాళ్ళు. వాళ్ళలో ముస్లింలూ చాలామంది ఉన్నారు, ఆ మాట గట్టిగానే చెబుతున్నాను, ఎందుకో ముందుముందు తెలుస్తుంది.

ఆ స్టేషన్లో విష్ణు జెండే అని ఒక అనౌన్సర్ ఉన్నాడు. బండ్ల రాకపోకలు చెప్పేవాడు. కాల్పులు వినబడగానే క్యాబిన్ వదిలి పారిపోలేదు. లోకల్ బండ్లు దిగినవాళ్ళను అటు రావద్దని, వెనక దారిన వెళ్ళిపొమ్మని మైకులో చెబుతూనే ఉన్నాడు. ఎందరు బతికారో లెక్క కట్టలేం. కామా ఆసుపత్రిలో అంజలి కుల్తే అనే నర్సు కాన్పు కోసం వచ్చిన ఇరవై మంది గర్భిణులను ఒక చిన్న గదిలోకి తీసుకుపోయి తలుపేసి కాపాడింది. 2022 డిసెంబర్‌లో ఐక్యరాజ్య సమితి భద్రతా మండలి ముందు వీడియోలో ఆ రాత్రి సంగతి తనే చెప్పింది. అలాంటివాళ్ళ పేర్లు మన బడి పుస్తకాల్లో ఉండాలని నా కోరిక.

సీఎస్టీలో కాలికి తూటా తగిలిన చిన్నపాప ఒకామె ఉంది. ఊతకర్రతో కోర్టుకు వచ్చి, వేలు చూపి కసబ్‌ను గుర్తుపట్టింది. దేశమంతా మెచ్చుకుంది. పెద్దదయ్యాక ఇల్లు ఇప్పిస్తామన్న మాట నిలబెట్టండని హైకోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. సాక్ష్యం చెప్పేనాడు బిడ్డ అన్నాం, ఇల్లడిగిన నాడు దరఖాస్తుదారు అన్నాం.

ఇప్పుడు మన ఊరి సంగతికి వస్తాను. ఆ గురువారం, 27వ తేదీ, నేను మా అక్క వాళ్ళింట్లో ఉన్నాను. నలుగురైదుగురు ఆడవాళ్ళు చాటలు ఒళ్ళో పెట్టుకొని బీడీలు చుడుతున్నారు. ఆకు కత్తిరించి, తంబాకు వేసి, చుట్టి, దారం కట్టడం, అంతా చూడకుండానే చేస్తారు కదా, కళ్ళు టీవీ మీదే. ఎవరి కొడుకు ముంబై పక్క భివండీలో సాంచాల (మరమగ్గాల) మీద ఉన్నాడో, ఎవరి మరిది ముంబై కామాటిపురలో ఉన్నాడో, ఫోన్లు కలవడం లేదు. అంతలో టీవీలో అశోక్ కామ్టే ఫొటో వేశారు. ఒక్కసారి చేతులు ఆగిపోయాయి. "అయ్యో, మన కమిషనర్ సాబ్" అంది ఒకావిడ. ముంబైకి మారకముందు ఆయన మన సోలాపూర్ పోలీసు కమిషనర్. పెద్ద పదవిలో ఉన్నవాళ్ళ మీదైనా చెయ్యి వెయ్యడానికి వెనకాడడని ఊళ్ళో పేరు. ముంబై అంత దూరమూ ఆ క్షణంలో మా అక్క వాళ్ళ గుమ్మంలోకి వచ్చింది. కామా ఆసుపత్రి పక్క సందులో ఆయన, ఉగ్రవాద నిరోధక దళం (ఏటీఎస్) అధిపతి హేమంత్ కర్కరే, పోలీసు అధికారి విజయ్ సాలస్కర్ ఒకే జీపులో ఉండగా కాల్చారు. ఆ మర్నాడో మూడోనాడో మన చౌకుల్లో కామ్టే ఫొటోలతో బోర్డులు లేచాయి, మైనపు వత్తులు వెలిగించాం. దాంతో మన బాధ్యత తీరిందనుకున్నాం. ఆయన భార్య వినీతా కామ్టే మాత్రం అలా అనుకోలేదు. సమాచార హక్కు కింద అర్జీ పెట్టి, కంట్రోల్ రూమ్ కాల్ రికార్డులు సంపాదించి, దెబ్బలు తగిలి పడి ఉన్నవాళ్ళకు సాయం ఎందుకు ఆలస్యమైందని అడిగింది, పుస్తకం రాసింది. నన్నడిగితే ఆ రాత్రికి సరైన నివాళి అది. ప్రశ్న అడగడం.

రాజకీయం సంగతి చూద్దాం. ఇది మన సరిహద్దు జిల్లాల కథ అని చాలామంది గమనించలేదు. దాడి నాటికి కేంద్ర హోం మంత్రి శివరాజ్ పాటిల్, లాతూర్ మనిషి. ముఖ్యమంత్రి విలాస్‌రావ్ దేశ్‌ముఖ్, ఆయనదీ లాతూరే. పాటిల్ 30న రాజీనామా చేశారు. అదే రోజు విలాస్‌రావ్ తాజ్ చూడడానికి వెళ్ళి, నటుడైన కొడుకునూ మన తెలుగు దర్శకుడు రామ్‌గోపాల్ వర్మనూ వెంట తీసుకెళ్ళారు. రక్తం ఆరకముందే సినిమావాళ్ళేంటని దేశం మండిపడింది. ఆయన పదవీ పోయింది. రాష్ట్ర హోం మంత్రి ఆర్.ఆర్. పాటిల్, పెద్ద నగరాల్లో ఇలాంటి చిన్న చిన్న సంగతులు జరుగుతుంటాయన్న అర్థంలో నోరు జారి కుర్చీ వదులుకున్నారు. కొత్త ముఖ్యమంత్రిగా వచ్చింది అశోక్ చవాన్, నాందేడ్. నాలుగేళ్ళ తర్వాత, 2012 నవంబర్ 21న యరవాడ జైల్లో కసబ్‌ను ఉరితీశామని దేశానికి ప్రకటించిన హోం మంత్రి సుశీల్‌కుమార్ షిండే, మన సోలాపూరే. ఇక్కడి కోర్టులో చిన్న ఉద్యోగంతో మొదలై, సబ్ ఇన్‌స్పెక్టరై, అంత దూరం వెళ్ళిన మనిషి.

కుర్చీలు త్వరగానే మారాయి. కానీ ఓటు? 2009లో కేంద్రంలోనూ రాష్ట్రంలోనూ అదే కూటమి మళ్ళీ గెలిచింది. ఆర్.ఆర్. పాటిల్ మళ్ళీ హోం మంత్రి అయ్యారు, విలాస్‌రావ్ కేంద్ర మంత్రి అయ్యారు. అంటే జనం మరిచిపోయారా? నేనలా అనుకోను. జనం ధర ఎక్కువైంది, నీళ్ళు రాలేదు, మనవాడు నిలబడ్డాడు అని ఓటేస్తారు. దాడి ఓటును మార్చలేదు, మాటను మార్చింది. ఆ తర్వాత ప్రతి ఎన్నికలో ఎవరు గట్టివాళ్ళు, ఎవరు మెత్తనివాళ్ళు అన్నదే పాట. సాంచాల కరెంటు సబ్సిడీ గురించి, బీడీ మజూరీ గురించి అడగాల్సిన సభల్లో కూడా పాకిస్తాన్ పేరే వినబడుతోంది. ఇది మనకు జరిగిన నష్టం. చప్పుడు లేకుండా జరిగింది.

ఇక చట్టం. ఇక్కడ కాస్త నెమ్మదిగా చెబుతాను, ఎందుకంటే ఇది మన ఇళ్ళ దాకా వచ్చే సంగతి.

దాడి జరిగిన సరిగ్గా మూడు వారాలకు, 2008 డిసెంబర్ 17న లోక్‌సభ రెండు బిల్లులు పాస్ చేసింది. ఒకటి జాతీయ దర్యాప్తు సంస్థ, ఎన్ఐఏ. రెండోది 1967 నాటి ఊపా, అంటే చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టానికి సవరణ. మర్నాడు రాజ్యసభ కూడా ఒప్పుకుంది. ఎన్ఐఏ అవసరమే, రాష్ట్రానికొక పోలీసు, ఒకరి సమాచారం మరొకరికి చెప్పని పరిస్థితిలో దేశానికంతా ఒక దర్యాప్తు సంస్థ ఉండాల్సిందే. ఢిల్లీ దగ్గర మానేసర్ నుంచి కమాండోలు వచ్చేదాకా ముంబై ఎదురుచూసింది కాబట్టి 2009లో ముంబై, హైదరాబాద్, చెన్నై, కోల్‌కతాల్లో ఆ కమాండో దళం, ఎన్ఎస్‌జీ, కేంద్రాలు పెట్టారు, మంచిదే. నా పేచీ ఊపా సవరణతో. మామూలు కేసులో పెద్ద నేరానికైనా 90 రోజుల్లో ఛార్జిషీటు వెయ్యకపోతే బెయిలు హక్కు. ఇక్కడ దాన్ని 180 రోజుల దాకా పొడిగించవచ్చు. పైగా పోలీసులు పెట్టిన కాగితాలు చూసి ఆరోపణ పైపైన నిజమనిపిస్తే చాలు, జడ్జి బెయిలు ఇవ్వకూడదు. సాక్ష్యం పరీక్షకు నిలబడుతుందా లేదా అన్నది ఏళ్ళ తర్వాత విచారణలో తేలుతుంది. అన్నాళ్ళూ మనిషి లోపలే. 2019లో ఇంకో సవరణ తెచ్చి, సంస్థనే కాదు, ఒక మనిషిని కూడా ఉగ్రవాది అని ప్రభుత్వం ప్రకటించవచ్చన్నారు.

ముంబై మీద కోపంతో చేసిన ఈ చట్టం ఎక్కడెక్కడికి వెళ్ళిందో చూడండి. మన మహారాష్ట్రలోనే ఇంకో సరిహద్దు జిల్లా గడ్చిరోలి. సిరోంచ దిక్కు మన తెలుగే మాట్లాడతారు. ఆ గడ్చిరోలి కోర్టు 2017 మార్చిలో ఢిల్లీలో పాఠాలు చెప్పుకునే తెలుగు ప్రొఫెసర్ సాయిబాబాకు, మావోయిస్టులతో సంబంధాలున్నాయని, ఇదే ఊపా కింద యావజ్జీవం వేసింది. ఆయన చక్రాల కుర్చీ లేకుండా కదలలేని మనిషి. మావోయిస్టుల తుపాకీని నేను ఏనాడూ సమర్థించలేదు, ఆ జిల్లాలో ఎందరు పోలీసులు, ఎందరు ఆదివాసీలు పోయారో మీకు తెలుసు. కానీ 2022 అక్టోబర్‌లో హైకోర్టు నాగపూర్ బెంచి ఆయనను వదిలెయ్యమంది. మర్నాడు శనివారం, సుప్రీంకోర్టు ప్రత్యేకంగా కూర్చొని ఆపింది. 2024 మార్చి 5న హైకోర్టు మళ్ళీ విని, నేరం రుజువు కాలేదని మళ్ళీ వదిలేసింది. అదే ఏడు అక్టోబర్‌లో హైదరాబాద్ నిమ్స్‌లో ఆయన చనిపోయారు. నిర్దోషి అనిపించుకొని బయట బతికింది ఏడు నెలలు. కసబ్ లాంటివాడి కోసం పదునుపెట్టిన కత్తి ఇది. పదునుపెట్టిన చోట ఉంచితే ఉండే వస్తువు కాదు.

ఇది సోలాపూర్‌కు ఎవరో వచ్చి చెప్పాల్సిన సంగతి కూడా కాదు. 1930 మేలో గాంధీ గారిని అరెస్టు చేస్తే మనూళ్ళో మిల్లు కూలీలు తిరగబడ్డారు. తెల్లవాళ్ళు మార్షల్ లా పెట్టారు. గాంధీ టోపీ పెట్టుకుంటే శిక్ష, జెండా పట్టుకుంటే శిక్ష. 1931 జనవరి 12న మల్లప్ప ధన్‌శెట్టి, కుర్బాన్ హుసేన్, జగన్నాథ్ షిండే, శ్రీకిసన్ సారడా, నలుగురినీ యరవాడలో ఉరితీశారు. ఆ జైలు పేరు విని ఇందాకటి ఉరితో ఎవరూ ముడిపెట్టొద్దు, ఆ నలుగురెక్కడ, ప్రయాణికుల మీద తూటాలు కురిపించినవాడెక్కడ. నేను చెప్పేది మార్షల్ లా గురించి. భయపడ్డ సర్కారు చేతికి హద్దులేని అధికారం ఇస్తే అది వీధిలోని మామూలు మనిషి మీద ఎలా పడుతుందో మన తాతలు ఒంటి మీద చూశారు. నలుగురు హుతాత్ముల చౌకు గుండా రోజూ తిరిగే మనం ఊపా గురించి రెండు మాటలు అడగకపోతే ఎవరు అడగాలి?

హద్దులేని అధికారం నేరస్థుణ్ణి పట్టిస్తుందా అంటే, అదీ లేదు. 2025 జులైలో పది రోజుల తేడాతో రెండు తీర్పులొచ్చాయి. 2006 జులై 11 ముంబై లోకల్ రైళ్ళ పేలుళ్ళ కేసు, అది మోకా, మహారాష్ట్ర వ్యవస్థీకృత నేరాల చట్టం, కింద నడిచింది. 21న హైకోర్టు పన్నెండు మందినీ నిర్దోషులంది. పంతొమ్మిదేళ్ళు జైలు. అందులో ఒకతను తీర్పు రాకముందే లోపలే చనిపోయాడు. తర్వాత సుప్రీంకోర్టు ఆ తీర్పును వేరే కేసుల్లో వాడొద్దంది కానీ వాళ్ళను తిరిగి జైలుకు పంపలేదు. 31న 2008 మాలేగావ్ పేలుడు కేసు. ఎన్ఐఏ కోర్టు ఏడుగురినీ వదిలేసింది. మొదటి కేసులో ముద్దాయిలు ముస్లింలు, రెండో కేసులో హిందువులు. మొదటి తీర్పుకు ఒక పక్షం, రెండో తీర్పుకు మరో పక్షం మిఠాయిలు పంచుకొనే సంగతులు విన్నాం. రైళ్ళలో చచ్చిన నూట ఎనభై మందికి పైగా మనుషుల్ని ఎవరు చంపారు? మాలేగావ్‌లో ఆరుగురిని ఎవరు చంపారు? జవాబు లేదు. హైదరాబాద్ మక్కా మసీదు కేసూ అంతే, 2007లో పేలుడు, 2018లో అందరూ నిర్దోషులు. కుమిలిపోయేది చచ్చినవాళ్ళ ఇళ్ళు, ఏళ్ళు పోగొట్టుకున్నవాళ్ళ ఇళ్ళు. రెండు రకాల ఇళ్ళకూ న్యాయం జరగలేదన్న మాట ఏ పార్టీ నోటా రాలేదు.

ఆ లెక్కన చూస్తే కసబ్ విచారణ నాకు గర్వంగా అనిపిస్తుంది. ఇది కొందరికి నచ్చకపోవచ్చు. అతని తరఫున వాదించేవాడే లేడు. ఒప్పుకున్న లాయరమ్మ ఇంటి ముందు గొడవ చేశారు. అయినా న్యాయస్థానం అతనికి లాయరును పెట్టింది. ఆరువందల పైచిలుకు సాక్షులను విన్నది. 2010 మేలో ప్రత్యేక కోర్టు ఉరి వేసింది, 2011 ఫిబ్రవరిలో హైకోర్టు, 2012 ఆగస్టు 29న సుప్రీంకోర్టు ఖాయం చేశాయి. ఆ ప్రత్యేక కోర్టే, అదే కేసులో, మ్యాపులు గీసిచ్చారన్న ఇద్దరు భారతీయులను సాక్ష్యం చాలక వదిలేసింది. ఊరంతా ఉరి ఉరి అని అరుస్తున్న నాడు ఆ ఇద్దరిని వదిలిన జడ్జికి ఎంత గుండె ధైర్యం కావాలి! కానీ వదిలేశాక ఏమైంది? అందులో ఒకతను వేరే కేసులో పడిన శిక్ష కూడా పూర్తి చేసి బయటికి వచ్చాడు. ఆటో నడుపుకుందామంటే పోలీసు సర్టిఫికెట్ ఇవ్వలేదు, మళ్ళీ హైకోర్టుకే పోవాల్సి వచ్చింది.

ఇంత పెద్ద విచారణలో మన జనానికి గుర్తున్నదేంటి? బిర్యానీ. కసబ్‌కు జైల్లో బిర్యానీ మేపుతున్నారని. రిక్షా ఎక్కినా, సెలూన్లో కూర్చున్నా అదే మాట. 2015లో అప్పటి ప్రభుత్వ న్యాయవాది ఉజ్వల్ నికమే బయటపెట్టారు, కసబ్ బిర్యానీ అడగనూ లేదు, ఎవరూ పెట్టనూ లేదు, అతని మీద జాలి పుడుతోందని ఆ మాట తానే కల్పించానని. ఆ ఒక్క అబద్ధం కోర్టు కాగితాలన్నిటినీ మింగేసింది. నిజం ఒప్పుకున్నాక కూడా మాట ఆగలేదు, ఈ మొన్నటి ఎన్నికల్లో సైతం బిర్యానీ రాజకీయం విన్నాం. నికమ్ గారు 2024లో లోక్‌సభకు నిలబడి ఓడారు, 2025లో రాజ్యసభకు నామినేట్ అయ్యారు. ఆయన వాదన గట్టిది, కసబ్‌కు పడ్డ శిక్ష సాక్ష్యం మీద పడ్డది, అందులో నాకు అనుమానం లేదు. అందుకే ఆ కల్పన మరింత బాధ కలిగిస్తుంది. అంత బలమైన కేసుకు అబద్ధం ఆసరా ఎందుకు?

టీవీల సంగతి తొందరగా ముగిస్తాను. కమాండోలు ఎక్కడ దిగుతున్నారో ప్రత్యక్ష ప్రసారంలో చూపించారు, అది చూసి పాకిస్తాన్‌లో కూర్చున్నవాళ్ళు ఫోన్లో ఆదేశాలిచ్చారు. సుప్రీంకోర్టు తీర్పులోనే చీవాట్లు పెట్టింది, ఛానెళ్ళు తమ వ్యాపారం చూసుకున్నాయని. 2015లో ఆపరేషన్లను లైవ్ చూపించకూడదని రూల్ వచ్చింది. లైవ్ ఆగింది, అరుపులు ఆగలేదు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే కష్టమైన భాగం. మన పేటల సంగతి.

దాడి తర్వాత కిరాయిదారుల వివరాలు పోలీసు చౌకీలో ఇవ్వాలన్న పట్టు పెరిగింది. ఫొటో, సొంతూరు, ఇద్దరు తెలిసినవాళ్ళ పేర్లు రాసి ఇచ్చే ఫారం. మన పూర్వభాగంలో ఇల్లుగలవాళ్ళు చాలామందికి మరాఠీ రాయడం రాదు, నేను మాస్తర్ని కాబట్టి నా దగ్గరికి తెచ్చేవాళ్ళు. చాలా రాసిచ్చాను. రాస్తూ రాస్తూ ఒకటి కనబడింది. ఒక ఇంటాయన వాడలో ఆరు గదులు. నాలుగింట్లో మన తెలంగాణ నుంచి వచ్చిన పద్మశాలీలు, సాంచాల మీద పనిచేసేవాళ్ళు. రెండింట్లో ముస్లింలు, ఒకతను సాంచాలు బాగుచేసే జాబర్, పుట్టింది పెరిగింది సోలాపూర్లోనే. ఇంటాయన నా ముందు పెట్టినవి రెండే ఫారాలు. "మిగతా నాలుగు?" అన్నాను. "వాళ్ళు మనోళ్ళే గద సార్" అన్నాడు. నిన్న సిరిసిల్ల బండి దిగినవాడు మనోడు, ఇక్కడే పుట్టి ఆయన సాంచాలకే చమురు పోసే మనిషి పరాయివాడు. ఆరూ తెస్తేనే రాస్తానన్నాను. తెచ్చాడు, మొహం ముడుచుకొని. ఆ జాబర్ మరుసటేడు గది ఖాళీ చేసి వాళ్ళవాళ్ళ పేటకు వెళ్ళిపోయాడు. ఎవరూ పొమ్మనలేదు, ఎవరూ ఉండమనీ అనలేదు.

అట్లా ఒక్కొక్క గది ఖాళీ అవుతూ ఊరు గళ్ళు గళ్ళుగా విడిపోయింది. ఇది చట్టంలో రాలేదు, ఏ మంత్రీ చెప్పలేదు. మనం చేశాం. మనం ఎవరం? మహారాష్ట్రకు పరాయివాళ్ళమే కదా. అదే 2008లో ముంబైలో ఉత్తరాది కూలీలను టాక్సీల్లోంచి లాగి కొడుతుంటే, భివండీలో, కామాటిపురలో మనవాళ్ళు ఏ రోజు మన వంతు వస్తుందోనని బిక్కుబిక్కుమన్నారు. ఆ భయం తెలిసిన మనం ఇంకొకరికి అదే భయం పెట్టాం.

ముంబై ముస్లింలు ఆనాడు ఏం చేశారో గుర్తు చేస్తాను. చచ్చిన తొమ్మిది మంది దాడిదారులను తమ కబ్రస్తాన్‌లో పాతిపెట్టడానికి ఒప్పుకోలేదు. శవాలు జేజే ఆసుపత్రిలో నెలల తరబడి ఉన్నాయి, చివరికి 2010 జనవరిలో సర్కారు ఎవరికీ చెప్పకుండా పాతిపెట్టింది. ఆ ఏడు బక్రీదు డిసెంబర్ 9న వచ్చింది, నల్ల పట్టీలు కట్టుకొని నమాజుకు వెళ్ళారు. సీఎస్టీలో వాళ్ళవాళ్ళూ పోయారని ఇందాక చెప్పాను. తమ ఇంటి చావుకు ఏడుస్తూనే, తాము ఈ దేశంవాళ్ళమని ఋజువు చూపించాల్సి వచ్చింది. మనల్ని ఎవరూ ఆ ఋజువు అడగలేదు.

పిల్లలున్నారు కాబట్టి క్రికెట్ మాట ఒకటి. 2008 మొదటి ఐపీఎల్లో హైదరాబాద్ డెక్కన్ ఛార్జర్స్‌కు షాహిద్ అఫ్రిది ఆడాడు. మన పేటల్లో కుర్రాళ్ళు అతని సిక్సర్లకు ఈలలు వేశారు, ఎవరికీ తప్పనిపించలేదు. ఆ తర్వాత పాకిస్తాన్ ఆటగాళ్ళు ఐపీఎల్లో లేరు. ఆపింది సరైనదేనా కాదా అని వాదించను, దాడి చేయించినవాళ్ళను పాకిస్తాన్ ఈనాటికీ సరిగ్గా శిక్షించలేదు, ఆ కోపం న్యాయమైనదే. కానీ ఇప్పటి పిల్లలకు అవతలి దేశం మనిషి అంటే తుపాకీ పట్టినవాడు తప్ప బ్యాట్ పట్టినవాడు గుర్తు రాడు.

చివరగా కర్కరే. మన సరిహద్దు జిల్లా చంద్రపూర్‌లో ఎస్పీగా పనిచేశారు. ఆ అడవుల్లో ఏరిన కట్టె ముక్కలతో బొమ్మలు చెక్కేవారు. దాడికి ముందు మాలేగావ్ కేసు దర్యాప్తు ఆయనదే. 2009 జనవరి 26న అశోక చక్ర ఇచ్చారు, ఆయనకు, కామ్టేకు, సాలస్కర్‌కు, చేతిలో లాఠీతో కసబ్ తుపాకీని అదిమిపట్టిన తుకారాం ఓంబ్లేకు, ఎన్ఎస్‌జీ మేజర్ సందీప్ ఉన్నికృష్ణన్‌కు, హవల్దార్ గజేందర్ సింగ్‌కు. మేజర్ సందీప్ మీద తెలుగు నటుడే సినిమా చేశాడు, మంచిదే. మరి కర్కరే? 2019 ఎన్నికల్లో మాలేగావ్ కేసు ముద్దాయిగా ఉన్న అభ్యర్థి, నా శాపం తగిలే పోయాడంది. గొడవయ్యాక మాట వెనక్కి తీసుకుంది. 2024 ఎన్నికల్లో అవతలి పక్షం నాయకుడు, అదీ చంద్రపూర్ జిల్లా ఎమ్మెల్యే, కర్కరేను చంపింది కసబ్ తూటా కాదు, ఒక పోలీసు తూటా అన్నాడు. చంపింది దాడి చేసినవాళ్ళేనని మూడు కోర్టులు సాక్ష్యం చూసి తేల్చిన సంగతి అది. ఒకరు ఆయన చావును పండగ చేసుకున్నారు, మరొకరు ఆయన చావును అనుమానం చేశారు. ఇద్దరికీ కావాల్సింది ఓటు. ఆయన భార్య కవితా కర్కరే 2014లో పోయారు, కుటుంబం అవయవాలు దానం చేసింది. ఈ రెండు మాటలూ వినే బాధ ఆమెకు తప్పింది.

దాడికి దారి చూసిపెట్టిన హెడ్లీకి 2013లో అమెరికాలో 35 ఏళ్ళు పడింది. అతని సావాసగాడు తహవ్వుర్ రాణాను 2025 ఏప్రిల్‌లో మనకు అప్పగించారు. ఢిల్లీ ఎన్ఐఏ కోర్టులో కేసు. ఆ కేసు నడిచేటప్పుడు మళ్ళీ తాజ్ పొగ చూపిస్తారు, మళ్ళీ ఎవరో జైలు భోజనం లెక్క చెబుతారు. మీరు మాత్రం కోర్టులో ఏ సాక్షి ఏం చెప్పాడన్న వార్త చదవండి, సీఎస్టీ హాలులో ఇంటివాళ్ళను పోగొట్టుకున్నవాళ్ళను పిలిచారా లేదా చూడండి. నష్టపరిహారం పూర్తిగా అందని ఇళ్ళుంటే, మన జిల్లాలో ఆ రాత్రి గాయపడ్డవాళ్ళు ఎవరైనా ఉంటే నాకో, ఈ గ్రంథాలయంలోనో చెప్పండి, అర్జీ రాసే పని నాది. కిరాయి ఫారాలు కూడా రాస్తాను, వాడలో గదులెన్నుంటే అన్నీ తెస్తే.

ఇందాకటి నుంచి ఆ మూల ప్లీడరు గారు చెయ్యెత్తి కూర్చున్నారు, ఊపా బెయిలు గురించే అయ్యుంటుంది. మైకు అటు ఇవ్వండి.